కవల శిశువుల పడక ఏర్పాట్లు

కవలలుగా పుట్టిన పసికందులను మొదటి ఏడాదిలో ఎక్కడ, ఎలా, ఎవరి పక్కన పడుకోబెట్టాలన్నది శిశు సంరక్షణలో విడిగా చర్చకు వచ్చే విషయం. ఒక్కరుగా పుట్టిన బిడ్డకు చెప్పే జాగ్రత్తలన్నీ కవలలకూ వర్తిస్తాయి. వాటికి మరో మూడు సంగతులు తోడవుతాయి. కవలలు చాలామంది నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుడతారు. ఇద్దరినీ ఒకే పక్క మీద వేయవచ్చా అన్న సందేహం వస్తుంది. రాత్రంతా ఒకరి తర్వాత ఒకరికి పాలు పట్టే పెద్దలు నిద్రకు మొహం వాచి ఉంటారు. వైద్య సంస్థల సలహాల్లో చిన్న చిన్న తేడాలున్నా సారాంశం దాదాపు ఒకటే: పెద్దలు పడుకునే గదిలోనే ఇద్దరికీ రెండు విడి పక్కలు వేయాలి, అవి గట్టిగా, చదునుగా, ఏ సామానూ లేకుండా ఉండాలి, ఇద్దరినీ ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ ఏర్పాటు పగటిపూట చూడ్డానికి బాగుంటే చాలదు. తెల్లవారుజామున మూడింటికి సగం నిద్రలో ఉన్న మనిషి కూడా తప్పు లేకుండా పాటించగలిగేదై ఉండాలి.

కవలల ప్రత్యేకత

తెలుగులో కవలలను అమడలు అని కూడా అంటారు. ప్రపంచంలో ఏటా సుమారు 16 లక్షల కవల జంటలు పుడుతున్నాయని 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ లెక్క. 1980ల తొలి సంవత్సరాల్లో వెయ్యి కాన్పులకు తొమ్మిదిగా ఉన్న కవల కాన్పులు 2010-15 నాటికి పన్నెండుకు చేరాయి. సంతాన సాఫల్య చికిత్సలు పెరగడం, స్త్రీలు ఆలస్యంగా తల్లులు కావడం ఇందుకు ప్రధాన కారణాలు.

కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టేవారూ సగానికి పైనే. ఇలాంటి బిడ్డకు చర్మం కింద కొవ్వు తక్కువ, కాబట్టి ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. మెడ కండరాలు బలంగా ఉండవు, కాబట్టి గడ్డం ఛాతీకి ఆనుకుపోతే తల ఎత్తుకోలేదు. ఊపిరికి అడ్డు వచ్చినప్పుడు ఉలిక్కిపడి మేలుకునే సహజ స్పందన ఇంకా కుదురుకొని ఉండదు.

నిద్రలో మరణించే ప్రమాదం కవలలకు ఒక్కరుగా పుట్టిన బిడ్డల కంటే సుమారు రెట్టింపని అమెరికా జనన మరణ రికార్డుల ఆధారంగా 1999లో ప్రచురించిన ఒక అధ్యయనం గుర్తించింది. అయితే పుట్టినప్పటి బరువును కూడా లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా దాదాపు కరిగిపోయింది. అంటే ముప్పు కవలగా పుట్టడంలో లేదు, చిన్నగా పుట్టడంలో ఉంది. పడక ఏర్పాటు గురించి ఆలోచించేటప్పుడు కవలలిద్దరినీ ముందుగా ఇద్దరు తక్కువ బరువు శిశువులుగా చూడాలని వైద్యులు చెప్పడానికి ఇదే ఆధారం.

నిద్రలో పొంచి ఉండే ప్రమాదాలు

ఏడాది లోపు బిడ్డ నిద్రలో హఠాత్తుగా చనిపోయి, శవపరీక్ష, మరణస్థల పరిశీలన చేసినా కారణం తేలకపోతే దానిని ఆకస్మిక శిశుమరణం అంటారు. సిడ్స్ అన్న ఆంగ్ల సంక్షిప్త నామం దీనికే వాడుకలో ఉంది. 1969లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన వైద్య సదస్సు ఈ పేరును, తొలి నిర్వచనాన్ని స్థిరపరిచింది. ఈ మరణాలు రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య ఎక్కువ. దాదాపు 90 శాతం ఆరు నెలల లోపే జరుగుతాయి.

1994లో ఫిలియానో, కిన్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన మూడు కారణాల నమూనా ఇప్పటికీ వాడుకలో ఉంది. బిడ్డలో పైకి కనిపించని బలహీనత, వేగంగా ఎదిగే కీలకమైన వయసు, బయటి నుంచి వచ్చే ఒత్తిడి ఒకేసారి కలిసినప్పుడు మరణం సంభవిస్తుందని వారు వివరించారు. మొదటి రెండింటిని తల్లిదండ్రులు మార్చలేరు. వారి చేతిలో ఉన్నది మూడోది. బోర్లా పడుకోవడం, మెత్తటి పరుపు, ముఖం మీదికి వచ్చే దుప్పటి, అతివేడి, పొగ ఈ కోవలోకి వస్తాయి. ముఖం మెత్తటి పక్కలో కూరుకుపోయినప్పుడు బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగి, ప్రాణవాయువు తగ్గుతుంది.

సిడ్స్‌తో పాటు కారణం తెలిసిన ప్రమాదాలూ ఉన్నాయి: ఊపిరాడకపోవడం, మంచానికీ గోడకూ మధ్య ఇరుక్కోవడం, నిద్రలో పెద్దవాళ్లు మీద పడటం, మెడకు తాడు చుట్టుకోవడం. భారతదేశంలో పసికందుల మరణాలకు నెలలు నిండని కాన్పు, ఇన్ఫెక్షన్లు, పుట్టుకలో ఊపిరాడకపోవడం ప్రధాన కారణాలు. ఇంట్లో చనిపోయిన శిశువుకు శవపరీక్ష జరగడం ఇక్కడ అరుదు కాబట్టి నిద్రలో జరిగే మరణాలు విడిగా లెక్కకు రావు. పాశ్చాత్య దేశాల సలహాల్లో అతివేడి గురించి ఎక్కువగా వినిపిస్తుంది. మన దగ్గర తక్కువ బరువు బిడ్డకు చలి కూడా అంతే పెద్ద శత్రువు. తెలుగు ఇంట్లో పడక ఏర్పాటు ఈ రెండు వైపులా చూసుకోవాలి.

సలహాలు మారిన తీరు

ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో ఐరోపా, అమెరికాల్లో శిశువును బోర్లా పడుకోబెట్టమనేవారు. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతులో అడ్డుపడతాయన్నది భయం. 1950ల నుంచి డాక్టర్ బెంజమిన్ స్పాక్ శిశు సంరక్షణ పుస్తకం కూడా అదే చెప్పింది. ఆ భయానికి శరీర నిర్మాణం ప్రకారం ఆధారం లేదు. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి, కాబట్టి పైకి వచ్చిన పాలు తిరిగి కిందికే జారతాయి. బోర్లా పడుకుంటే ఈ వరస తలకిందులవుతుంది.

1987లో నెదర్లాండ్స్, 1991లో న్యూజిలాండ్, అదే ఏడాది డిసెంబరులో బ్రిటన్ బోర్లా పడుకోబెట్టవద్దని ప్రచారం చేశాయి. 1992లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా మార్చుకుంది. 1994లో అమెరికాలో 'బ్యాక్ టు స్లీప్' ఉద్యమం మొదలైంది, 2012లో దాని పేరు 'సేఫ్ టు స్లీప్'గా మారింది. ఉద్యమం మొదలైన కొన్నేళ్లలోనే అక్కడ సిడ్స్ మరణాలు సుమారు సగానికి తగ్గాయి. ఒక ప్రక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టడం మధ్యేమార్గమని మొదట్లో అనుకున్నారు గాని, బిడ్డ అక్కడి నుంచి బోర్లా పడటం తేలిక కాబట్టి ఆ సలహాను కూడా తర్వాత మానుకున్నారు. అకాడమీ తాజా సమగ్ర సలహాపత్రం 2022లో వచ్చింది.

పసిబిడ్డను ఉయ్యాలలో వెల్లకిలా వేయడం తెలుగు ఇళ్లలో అలవాటే. ఈ ఒక్క విషయంలో పాత వాడుక, కొత్త వైద్యం ఒకే మాట చెబుతాయి.

ఒకే పక్కా, రెండు పక్కలా

కవలల పడక గురించి ఎక్కువ చర్చ జరిగింది ఈ ప్రశ్న మీదే. తొమ్మిది నెలలూ ఒకే గర్భంలో ఉన్నవారిని పుట్టగానే విడదీయడం ఎందుకన్నది ఒక వాదం. 1995లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వూస్టర్ పట్టణ ఆస్పత్రిలో ముందుగా పుట్టిన కవల ఆడపిల్లల్లో ఒకరి పరిస్థితి దిగజారినప్పుడు నర్సు ఇద్దరినీ ఒకే ఇంక్యుబేటర్‌లో చేర్చింది. ఒకరి చేయి మరొకరి మీద వేసి ఉన్న ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత ఎన్నో నవజాత శిశు విభాగాలు ఈ పద్ధతిని ప్రయత్నించాయి.

పరిశోధన మాత్రం ఫొటో అంత సూటిగా మాట్లాడలేదు. ఇంగ్లండ్‌లోని డరమ్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రవేత్త హెలెన్ బాల్ కవలల నిద్రను రాత్రంతా చిత్రీకరించి 2006, 2007 సంవత్సరాల్లో ఫలితాలు ప్రచురించారు. ఒకే మంచంలో పడుకున్న చిన్న కవలల నిద్ర, మెలకువ ఎక్కువగా కలిసి సాగాయి. శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరగలేదు. కెనడాలో 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో మడమ నుంచి రక్తం తీసినప్పుడు కలిసి ఉన్న కవలలకు నొప్పి తగ్గినట్టు కనిపించలేదు, కానీ తర్వాత వారు త్వరగా కుదుటపడ్డారు. నెలలు నిండని కవలలను కలిపి పడుకోబెట్టడంపై అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ 2016లో కాక్రేన్ సమీక్ష కలిపి చూసి, అది మేలని గాని హాని అని గాని తేల్చడానికి ఆధారాలు చాలవంది.

ఈ అనిశ్చితిలో రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. అమెరికన్ అకాడమీ 2007లోనే ఆస్పత్రుల్లో కవలలను కలిపి పడుకోబెట్టడాన్ని సమర్థించలేమంది. 2022లోనూ ఇంటికైనా, ఆస్పత్రికైనా విడి పక్కలే చెప్పింది. దాని తర్కం సూటిగా ఉంటుంది: కలిసి పడుకుంటే ఒకరి చేయి మరొకరి ముక్కుకు అడ్డు రావచ్చు, ఒకరి దుప్పటి మరొకరి ముఖం మీద పడవచ్చు, ఒంటి వేడి కలవవచ్చు. రుజువైన లాభం లేనప్పుడు ఈ ముప్పు ఎందుకన్నది ఆ వాదన.

బ్రిటన్‌లో లల్లబై ట్రస్ట్, ట్విన్స్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థలు కాస్త వెసులుబాటు ఇస్తాయి. పుట్టిన తొలి వారాల్లో, ఇంకా దొర్లలేని దశలో, పెద్ద మంచం లాంటి శిశు తొట్టిలో కవలలను కలిపి ఉంచవచ్చంటాయి. అందుకు షరతులున్నాయి. ఇద్దరి పాదాలూ తొట్టికి చెరో చివర ఆని, తలలు మధ్యలోకి వచ్చేలా గాని, ఒకరినొకరు తాకలేనంత ఎడంగా పక్కపక్కన గాని వెల్లకిలా వేయాలి. ఎవరి దుప్పటి వారికే ఉండి, చంకల కిందికి గట్టిగా దోపాలి. మధ్యలో దిండుగాని, చుట్టిన తువ్వాలు గాని గోడలా పెట్టకూడదు. చిన్న బుట్టలో ఇద్దరినీ ఎప్పుడూ వేయకూడదు. ఇద్దరిలో ఏ ఒక్కరు దొర్లడం మొదలుపెట్టినా ఆ రోజు నుంచే విడదీయాలి.

చోటు, డబ్బు ఉన్న ఇంటికి రెండు పక్కల నియమం తేలిక. ఒకే గది ఉన్న ఇంట్లోనూ అది అసాధ్యం కాదు. రెండు పక్కలంటే రెండు ఖరీదైన మంచాలని అర్థం కాదు, రెండు విడి చదును చోట్లని అర్థం. ఒకరి ఏడుపుకు మరొకరు లేస్తారన్న భయంతో పక్కలను వేరే గదుల్లోకి మార్చడం మాత్రం తప్పు. కవలలు కొద్ది రోజుల్లోనే ఒకరి ఏడుపుకు మరొకరు అలవాటు పడటం చాలా ఇళ్లలో కనిపించేదే. కనీసం ఆరు నెలలు పెద్దలున్న గదిలోనే పడుకోబెట్టమని అకాడమీ సలహా.

తల్లి పక్కన

భారతీయ కుటుంబాల్లో బాలింత పక్కనే బిడ్డ పడుకోవడం తరతరాల అలవాటు. దీని మీద వైద్యలోకంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికన్ అకాడమీ ఒకే పడకను సిఫారసు చేయదు. అమెరికా మానవశాస్త్రవేత్త జేమ్స్ మెకెన్నా వంటివారు తల్లిపాలు తాగే బిడ్డ తల్లి పక్కనే పడుకోవడం మనిషి సహజ లక్షణమని, ప్రమాదకర పరిస్థితులు లేని చోట దానిని నిషేధించనక్కర్లేదని వాదించారు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ కూడా 2020 నాటి పత్రంలో ఆ వైపే మొగ్గింది.

కవలల విషయంలో రెండు పక్షాలూ దగ్గరికి వస్తాయి. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల లోపు ఉన్నా, నాలుగు నెలలు దాటకపోయినా, పడుకునే పెద్దవారిలో ఎవరైనా సిగరెట్, బీడీ, చుట్ట తాగేవారైనా, మద్యం గాని మత్తు కలిగించే మందులు గాని తీసుకున్నా ఒకే పడక ప్రమాదాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. కవలల్లో అధికభాగం మొదటి రెండు షరతుల్లోకే వచ్చేస్తారు. పైగా తల్లికి అటొకరు, ఇటొకరు ఉంటే ఆమె ఏ వైపు ఒత్తిగిలినా ఒకరికి వీపు పెట్టాల్సి వస్తుంది.

సోఫా, వాలు కుర్చీ అన్నిటికంటే ప్రమాదకరం. పాలు పడుతూ కునుకు పట్టేలా ఉంటే సోఫా కంటే దిండ్లు, దుప్పట్లు తీసేసిన మంచమే నయమని అమెరికన్ అకాడమీ కూడా ఒప్పుకుంటుంది. మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదికి మార్చాలి. ఇద్దరికీ ఒకేసారి పాలు పట్టడానికి వాడే అర్ధచంద్రాకారపు దిండు పాలకే పరిమితం. దాని మీద నిద్రపోనివ్వకూడదు.

కంగారూ సంరక్షణను ఈ చర్చతో కలపకూడదు. 1970ల చివర కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే ఇంక్యుబేటర్ల కొరత మధ్య మొదలుపెట్టిన ఈ పద్ధతిలో తక్కువ బరువు బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుంటారు. ముందుగా లేదా తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. కవలలిద్దరినీ తల్లి ఒకేసారి కట్టుకోవచ్చు, లేదా ఒకరిని తండ్రికో అమ్మమ్మకో ఇవ్వవచ్చు. ఇందులో బిడ్డ గుడ్డతో కట్టి ఉంటుంది, మెడ కాస్త వెనక్కి వాలి ముక్కు తెరుచుకొని ఉంటుంది, పెద్దవారు వీపు ఎత్తుగా ఆనుకొని ఉంటారు. ఈ కట్టు లేకుండా బిడ్డను ఛాతీ మీద బోర్లా వేసుకొని నిద్రపోవడం కంగారూ సంరక్షణ కాదు.

పడకల రకాలు

కటకటాల శిశు మంచం. ఎక్కువ కాలం పనికొచ్చేది ఇదే. కటకటాల సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు, శీతల పానీయం డబ్బా దూరేంత సందు ఉంటే అది ఎక్కువే. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు పట్టే ఖాళీ ఉండకూడదు. ఒక పక్క కిందికి జారే మంచాల్లో పిల్లలు ఇరుక్కుని చనిపోవడంతో అమెరికా 2011లో వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. కటకటాల చుట్టూ కట్టే మెత్తటి గోడలను, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకలను 2022 చట్టంతో నిషేధించింది. బంధువుల ఇంట్లోంచి తెచ్చిన పాత మంచాన్ని ఈ కొలతలతో పరీక్షించాకే వాడాలి.

చిన్న తొట్టి, బుట్ట. తొలి మూడు నాలుగు నెలలకు చాలు. మంచానికి ఆనించి పెట్టుకోవచ్చు, ఎక్కువ చోటు పట్టదు. తయారీదారు చెప్పిన బరువు పరిమితి ఒక్క బిడ్డకని గుర్తుంచుకోవాలి. ఫిన్లాండ్‌లో 1938 నుంచి పేద తల్లులకు, 1949 నుంచి అందరికీ ప్రభుత్వం ఇస్తున్న శిశు సామగ్రి అట్టపెట్టెలో అడుగున చిన్న పరుపు ఉంటుంది, ఆ పెట్టెనే తొలి పడకగా వాడేవారు. కవలలు పుడితే అక్కడ మూడు రెట్ల సాయం అందుతుంది. న్యూజిలాండ్‌లో మావోరీ ఆరోగ్య కార్యకర్తలు హరకెకె ఆకులతో అల్లిన వహకురా బుట్టను ప్రచారంలోకి తెచ్చారు. తల్లి పక్కనే, కానీ తనకంటూ వేరే అంచు ఉన్న చోట బిడ్డ పడుకుంటుంది. తల్లి పక్కన పడుకునే అలవాటును తీసేయకుండానే దానిని ప్రమాదం లేనిదిగా మలచిన ఉదాహరణ ఇది.

నేల మీద పక్క. చాప మీద సన్నని గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక్క బట్ట. పడిపోయే భయం లేదు, ఖర్చు లేదు, ఇద్దరికీ రెండు వేయడం తేలిక. మెత్తటి దూది బొంతలు మడతలు వేసి ఎత్తుగా పరచకూడదు. గచ్చు చల్లదనం, చీమలు, నడిచేవారి కాళ్లు చూసుకోవాలి.

నులక మంచం, నవారు మంచం. మధ్యలో కుంగుతాయి. ఇద్దరు బిడ్డలను వేస్తే ఇద్దరూ జారి మధ్యలో ఒకరి మీదికి ఒకరు చేరతారు. కవలలకు ఇవి పనికిరావు.

ఉయ్యాల, చీర ఉయ్యాల. చెక్క అడుగుతో చదునుగా ఉండి, ఊపడం ఆపితే కదలకుండా నిలిచే ఉయ్యాల ఒక బిడ్డకు పడకగా పనికొస్తుంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో వీపు వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, బట్ట ముఖానికి అతుక్కుంటుంది. నెలలు నిండని బిడ్డకు ఇదే అసలు ముప్పు. పెద్ద పిల్లల మెడకు ఉయ్యాల చీర మెలిపడి చనిపోయిన ఘటనలు భారతీయ న్యాయవైద్య పత్రికల్లో నమోదయ్యాయి. జో కొట్టడానికి ఒకరు పక్కనే ఉన్నంతసేపు వేసి, నిద్రపట్టగానే చదును పక్క మీదికి మార్చడం నడిమి మార్గం. బారసాల నాడు ఇద్దరినీ ఒకే ఉయ్యాలలో వేసేది వేడుక కోసం. అది ఆ రాత్రి పడక కాకూడదు.

దోమతెర పక్క. గొడుగులా మూసే దోమతెరతో ఉన్న చిన్న పక్కలు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లోనూ ఇలాంటిది ఉండేది. డెంగీ, మలేరియా ఉన్నచోట దోమతెర తప్పనిసరి. దానితో వచ్చే తలగడను, పక్కదిండ్లను తీసేయాలి. ఇద్దరికీ విడి దోమతెరలు లేకపోతే రెండు పక్కల మీద ఒకే పెద్ద తెర బిగుతుగా కట్టవచ్చు. తెర బిడ్డ ముఖానికి, చేతులకు తగలకూడదు.

కారు సీటు, ఊగే కుర్చీ. ప్రయాణానికి, కాసేపు మెలకువగా ఉండటానికే. వాటిలో నిద్రపట్టిన బిడ్డను ఇంటికి రాగానే చదును పక్క మీదికి మార్చాలి.

ఇంటి అలవాట్లు

తలకు గుండ్రని ఆకారం రావాలని ఆవాల దిండు పెట్టడం తెలుగు ఇళ్లలో విస్తారంగా ఉంది. అమెరికాలో కూతురి కాన్పుకు వెళ్లే అమ్మమ్మల పెట్టెల్లోనూ అది ప్రయాణం చేస్తుంది. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అక్కర్లేదు. కవలలకు తల వెనుక చదునుగా మారే అవకాశం కొంచెం ఎక్కువే గాని, దానికి మందు దిండు కాదు. రోజు మార్చి రోజు తలను పక్కకు అటు చివర, ఇటు చివర ఉండేలా వేయాలి. మెలకువగా ఉన్నప్పుడు పెద్దవారు చూస్తుండగా పొట్ట మీద ఆడనివ్వాలి. ఏడో వారానికి ఇలా రోజుకు మొత్తం 15 నుంచి 30 నిమిషాలకు చేరాలని అకాడమీ సూచన.

పొత్తిళ్లలో చుట్టడం తప్పు కాదు. తుంటి, కాళ్లు కదిలేలా వదులుగా, ఛాతీ దగ్గర ఊపిరి ఆడేలా చుట్టి వెల్లకిలా వేయాలి. బరువు నింపిన పొత్తి గుడ్డలు అస్సలు వాడకూడదు. మెడలో దిష్టితాడు, రక్షరేకు నిద్రలో బిగుసుకోవచ్చు. ఇద్దరూ దగ్గరగా ఉంటే ఒకరి తాడు మరొకరి వేలికి చిక్కవచ్చు. దిష్టి చుక్క చాలు, తాడు కట్టాలనుకుంటే మొలకు కట్టడం నయం. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం, గదిలో అగరుబత్తి, దోమల చుట్ట వెలిగించడం పసి ఊపిరితిత్తులకు మంచివి కావు.

వేడి, చలి చూసే పద్ధతి తేలిక. అరచేతి వెనుక భాగంతో బిడ్డ పొట్టను, పాదాలను తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి వేస్తోంది. రెండూ చల్లగా ఉంటే వెంటనే ఛాతీకి హత్తుకొని డాక్టరుకు చూపాలి. మెడ వెనుక చెమట పడితే బట్టలు ఎక్కువయ్యాయని అర్థం. కవలల్లో ఒకరు రెండు కిలోలు, మరొకరు రెండున్నర ఉంటే ఇద్దరికీ ఒకేలా బట్టలు వేయాల్సిన పని లేదు, చిన్నవాడికి ఒక పొర ఎక్కువ కావచ్చు. టోపీ, మేజోళ్లు డాక్టరు చెప్పినంతకాలమే. బరువు పెరిగాక, ముఖ్యంగా ఎండాకాలం, నిద్రలో టోపీ తీసేయాలి. ఫ్యాన్ గాలి ఆడటం మంచిదే. ఏసీ, కూలర్ గాలి నేరుగా పిల్లల మీదికి రాకూడదు.

ఆస్పత్రి నుంచి ఇంటికి

నవజాత శిశు చికిత్సా విభాగంలో ఊపిరి కోసం కొందరు బిడ్డలను బోర్లా ఉంచుతారు. అక్కడ గుండె, ప్రాణవాయువు కొలిచే యంత్రాలు, చూసే నర్సులు ఉంటారు. అది చూసిన తల్లిదండ్రులు ఇంట్లోనూ అలాగే చేస్తే ప్రమాదం. తల్లి చివరి నెలసరి నుంచి లెక్క 32 వారాలకు చేరేసరికి, ఆరోగ్యం కుదురుకున్న బిడ్డను ఆస్పత్రిలోనే వెల్లకిలా అలవాటు చేయాలని అకాడమీ అంటుంది. ఇంట్లో వాడే ఊపిరి కొలిచే సాక్సులు, కెమెరాలు సిడ్స్‌ను ఆపుతాయన్న రుజువు లేదు. పుట్టినప్పటి నుంచి లెక్కించి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త బరువు, ఒంటి వేడి చూస్తుంది. పక్కను కూడా ఆమెకు చూపించి అడగడం మంచిది.

తెలుగు కుటుంబాల్లో కాన్పు పుట్టింట్లో జరిగి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తింటికి వెళ్లడం వాడుక. సిడ్స్ ఎక్కువగా జరిగే వయసు సరిగ్గా ఈ కాలానికి దగ్గర. ఇల్లు మారితే పడుకోబెట్టే చేతులూ మారతాయి. రోజూ వెల్లకిలా పడుకునే బిడ్డను అలవాటు లేకుండా ఒక్కసారిగా బోర్లా వేస్తే, రోజూ బోర్లా పడుకునే బిడ్డకంటే ముప్పు ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. కాబట్టి రెండు పక్కలు రెండు ఇళ్లలోనూ సిద్ధంగా ఉండాలి. పిల్లలను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ, అమ్మమ్మ నుంచి ఆయా వరకు, ఒకే నియమం తెలియాలి.

రాత్రి పని

పుట్టిన బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. కవలలకు ఆ లెక్క 16 నుంచి 24. అందుకే కవలల పడక ఏర్పాటులో పెద్దల నిద్ర కూడా ఒక భాగం. ఒకరు లేచినప్పుడు రెండోవారినీ లేపి పాలు పడితే మధ్యలో కాస్త నిద్ర దొరుకుతుంది. రాత్రిని రెండు వంతులుగా పంచుకొని, ఒక వంతులో ఒకరు పూర్తిగా నిద్రపోవడం మరో పద్ధతి. ఎడమ పక్క ఎవరిదో, కుడి పక్క ఎవరిదో ఖాయం చేసుకుంటే ఎవరు తాగారో, ఎవరు తాగలేదో చీకట్లోనూ తెలుస్తుంది. రెండు పక్కలూ తల్లి చేయి చాపితే అందేంత దూరంలో ఉంటే, బిడ్డను తిరిగి పడుకోబెట్టడానికి బద్ధకం అడ్డురాదు. తల్లిపాలు సిడ్స్ ముప్పును తగ్గిస్తాయి. ఇంట్లో పొగ లేకపోవడం కూడా అంతే ముఖ్యం.

నెలల వారీ మార్పులు

ముందుగా పుట్టిన బిడ్డల ఎదుగుదలను సవరించిన వయసుతో చూస్తారు. 34 వారాలకు పుట్టిన కవలలకు మూడు నెలలు నిండినప్పుడు, ఆరు వారాలు తీసేస్తే, నెలన్నర పిల్లలకు సమానం. అయితే జాగ్రత్తలు సడలించడానికి ఏ లెక్కా సాకు కాదు. బిడ్డ చేసే పనినే చూడాలి.

మూడు నాలుగు నెలలకు తొట్టి ఇరుకవుతుంది, అప్పుడు పెద్ద మంచానికి మారాలి. చేతులు ఊని లేచి కూర్చునే దశ రాకముందే ఆ మంచం పరుపును కిందికి దించాలి. తనంతట తాను అటూ ఇటూ దొర్లగలిగిన బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే చాలు, నిద్రలో తిరిగితే మళ్లీ మళ్లీ సరిచేయనక్కర్లేదు. పక్క మాత్రం ఖాళీగానే ఉండాలి.

బిడ్డ బోర్లపడిన రోజు తెలుగు ఇంట్లో బొబ్బట్లు పంచుతారు. కవలల ఇంట్లో ఆ రోజు ఇంకో పని కూడా ఉంటుంది. దొర్లే ప్రయత్నం కనిపించినప్పుడే పొత్తిళ్లు ఆపకపోయి ఉంటే ఆ పూటతో ఆపేయాలి, అప్పటిదాకా ఒకే పక్క మీద ఉన్నవారిని విడదీయాలి. ఇద్దరూ ఒకే రోజు బోర్లపడరు, వారాల తేడా రావచ్చు. రెండోవారి కోసం ఆగకూడదు, ముందుగా బోర్లపడినవారి రోజే ఇద్దరికీ లెక్క.